పక్క బెడ్ కుర్రాడి గురించి నేను మింగేసిన మాట

దయ్యాలు, పూనకాలు, సోదెలు... వీటిలో దేన్నీ నేను నమ్మినదాన్ని కాదు. ఇప్పుడూ నమ్మను. ఇది చదివాక "పాపం, ఈవిడా అటు తిరిగిపోయింది" అని జాలిపడేవాళ్ళు తయారవుతారు, అందుకే ముందే చెబుతున్నా. నాకు ఎవరి జాలీ అక్కర్లేదు. తెనాలిలో పదహారేళ్ళు హైస్కూల్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను. మా వీధిలో ఒకావిడకి అమ్మవారు పూనితే అందరూ కొబ్బరికాయలు కొట్టారు. నేను ఆవిడ నాడి పట్టుకుని గడియారం చూశాను.

దేశం దాటి హామిల్టన్ వచ్చాక నాకు దొరికింది ఇంటర్‌ప్రెటర్ పని. ఇంగ్లీషు రాని తెలుగు పేషెంట్ ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే ఏజెన్సీ వాళ్ళు నాకు ఫోన్ చేస్తారు. నేను వెళ్ళి మంచం పక్కన నిలబడి, పేషెంట్ మాట డాక్టర్‌కి, డాక్టర్ మాట పేషెంట్‌కి చెప్పాలి. ఈ పనికి ఉన్నది ఒకటే నియమం. ఒక మాట కలపకూడదు, ఒక మాట తీయకూడదు. పేషెంట్ "నాకు కడుపులో మంట" అంటే నేనూ "నాకు కడుపులో మంట" అనాలి. "ఆవిడకి మంటట" అనకూడదు. ఒక పెద్దాయన విసుగొచ్చి డాక్టర్ని "నీ మొహం మండా" అంటే అదీ ఇంగ్లీషులో చెప్పాను. ఆ డాక్టర్‌కి ఏమర్థమైందో దేవుడికే తెలియాలి.

ఇది జరిగింది ఫిబ్రవరిలో, పట్టపగలు, మధ్యాహ్నం రెండు గంటలకి. చీకటీ లేదు, గాలివానా లేదు. సుభద్రమ్మ గారు పిఠాపురం వైపు ఆవిడ. అసలు పేరు అది కాదు, మార్చాను. డెబ్భై ఎనిమిదేళ్ళు. కాలి పుండుకి చేర్చారు. షుగర్ వల్ల ఆవిడ రెండు కళ్ళూ పోయి ఆరేళ్ళయింది. మొహం మీద లైటు వేసినా తెలీదు. కూతురు ఝాన్సీ డ్యూటీలో ఉంది కాబట్టి నన్ను పిలిచారు.

అది రెండు మంచాల గది. మధ్యలో కర్టెన్. అవతలి మంచం మీద తెల్లావిడ ఒకరు, స్పృహ లేదు. ఇవాళో రేపో అని నర్సులు అనుకోవడం విన్నాను. మేము మాట్లాడుతుండగా ఆవిడ కోసం ఎవరో వచ్చారు. బూట్ల చప్పుడు వినిపించింది, కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది. కర్టెన్ పూర్తిగా వేసి ఉంది. నేను మనిషిని చూడలేదు. పోలీసులు నన్ను పదిసార్లు అడిగింది ఇదే కాబట్టి మళ్ళీ రాస్తున్నా. చూడలేదు.

నర్సు నొప్పి ఎంత ఉందో అడగమంది. నేను అడిగాను. సుభద్రమ్మ గారు మొహం కర్టెన్ వైపు తిప్పి, ఎదురింటి కబురు చెప్పినట్టు మామూలుగా అన్నారు.

"అమ్మాయ్, ఆ పక్క కుర్రాడు నడుంకి పిస్తోలు కట్టుకొచ్చాడు. కోటు కింద ఉంది. తీసెయ్యమని చెప్పు."

నా నియమం నాకుంది. ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. నర్సు నా మొహం చూసింది. ఇంకోసారి చెప్పాను. ఆ అమ్మాయి చేతిలో పెన్ను మంచం మీద పెట్టి, నవ్వకుండా, పరిగెత్తకుండా బయటికి వెళ్ళింది.

సుభద్రమ్మ గారు అక్కడితో ఆగలేదు. నర్సు గుమ్మం దాటేలోపే ఇంకో మాట అన్నారు. "ఒక్కటే తూటా ఉందమ్మా. అది వాడికే. వాళ్ళమ్మ పోగానే తనూ పోదామని వచ్చాడు. అది తీసేసుకుని కాస్త అన్నం పెట్టండి."

ఈ మాట నేను చెప్పలేదు.

నర్సుని వెనక్కి పిలవొచ్చు. సెక్యూరిటీ వాళ్ళు వచ్చాక వాళ్ళకి చెప్పొచ్చు. నోరు రాలేదు. మా అమ్మ నా చిన్నప్పుడు ఒక దెబ్బ వేసింది, మామ్మ జబ్బు పడినప్పుడు "మామ్మ చచ్చిపోతుందా?" అని మంచం పక్కన అడిగినందుకు. రోగి దగ్గర చావు మాట ఎత్తకూడదు, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, అన్న మాట అయిపోతుంది అని. దయ్యాలు లేవని ఇంత గొంతు చించుకునే నేను, న్యూటన్ సూత్రాలు చెప్పిన నేను, ఆ రోజు ఆ దేవతలకి భయపడ్డాను. అవతల ఒక తల్లి కొన ఊపిరితో ఉంది. ఆమె కొడుకు చావు మాట నా నోటితో ఆ గదిలో అనలేకపోయాను. సిగ్గుగా ఉంది రాయడానికి. అయినా రాస్తున్నా.

ఇద్దరు గార్డులు, వాళ్ళ వెనకాలే పోలీసులు వచ్చారు. అతన్ని కారిడార్‌లోకి రమ్మన్నారు. గొడవేం చేయలేదు. అప్పుడు చూశాను మొదటిసారి. పాతికేళ్ళు ఉంటాయేమో, అంత వేడి వార్డులో మోకాళ్ళ దాకా చలికోటు గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు. కోటు కింద, నడుముకి పిస్తోలు ఉంది.

ఆ సాయంత్రం డిటెక్టివ్ ఒకాయన నా స్టేట్‌మెంట్ తీసుకున్నాడు. గుడ్డి ముసలావిడకి ఎలా తెలుస్తుంది, నువ్వే కర్టెన్ సందులోంచి చూసి, భయపడి, ఆవిడ అందని చెప్పావు, ఒప్పుకుంటే తప్పేం లేదు అని బుజ్జగించాడు. నాకు ఒళ్ళు మండింది. నేను ఒక్క మాట కూడా కలపలేదని గట్టిగా చెప్పాను. ఆవిడ ఇంకేమైనా అందా అని అడిగాడు. లేదన్నాను. కలపలేదన్నది నిజం. లేదన్నది అబద్ధం.

నాలుగు రోజుల తర్వాత ఝాన్సీ ఫోన్ చేసింది. "ఆంటీ, పక్క బెడ్ ఆవిడ పోయారట. కొడుకుని జైల్లోంచి పంపలేదట ఆంటీ, ఎవ్వరూ లేరు దగ్గర."

అతని మీద రెండు కేసులు పెట్టారు. గన్ దాచుకుని ఆసుపత్రికి రావడం ఒకటి. అక్కడి జనాన్ని కాల్చడానికి వచ్చాడన్నది రెండోది. మొదటిది తప్పే, నేను కాదనను. ఆ గదిలో నేనూ ఉన్నాను, నా ప్రాణం నాకూ తీపే. కానీ బెయిల్ రానిది రెండోదాని వల్ల. పేపర్లో కూడా అలాగే వేశారు. ఎందుకు తెచ్చుకున్నాడో అతను ఎవరికీ చెప్పలేదట. అది చెప్పిన ఒకే ఒక్క మాట నా గొంతులో ఉండిపోయింది.

ఆ ఆదివారం సుభద్రమ్మ గారి ఇంటికి వెళ్ళాను. కాలు కాస్త నయమై ఇంటికొచ్చేశారు. అడిగితే తెల్లబోయారు. "పిస్తోలేమిటి తల్లీ? నాకేం తెలుసు?" ఝాన్సీ కూడా ఎన్నిసార్లు అడిగినా అదే జవాబట. నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే మాత్రం వెనకనుంచి అడిగారు, "అది సరేగానీ, ఆ కుర్రాడు అన్నం తిన్నాడా?" ఏ కుర్రాడండీ అన్నాను. ఏమో, నోటికొచ్చింది అన్నారు.

పేషెంట్ మాట బయట చెప్పాలంటే పేషెంట్ ఒప్పుకోవాలి. ఒప్పుకున్నారు. ఝాన్సీ ఆవిడ వేలు పట్టుకుని చోటు చూపిస్తే కాగితం మీద సంతకం పెట్టారు. ఏజెన్సీ మేనేజర్‌కి చెప్పాను. ఇన్నాళ్ళకి మాట మారిస్తే ఇంటర్‌ప్రెటర్‌గా ఇక పనికిరావు, లిస్టులోంచి తీసేస్తాం అంది. "తీసేయండి" అన్నాను. మా ఆయన కూడా, నీకెందుకొచ్చిన గొడవ, ఎవడో గన్ పట్టుకొచ్చినవాడి కోసం అన్నారు. ఆ గొడవ నా నోటి వల్ల వచ్చింది, నా నోటితోనే పోవాలి అన్నాను. ఆయన టీవీ సౌండ్ పెంచుకున్నారు.

ఆ కుర్రాడి లాయర్ ఒక ఆడమనిషి. ఆవిడ ఎదురుగా కూర్చుని, నియమం ప్రకారం, సుభద్రమ్మ గారు ఎలా అన్నారో అలాగే చెప్పాను. ఒక్కటే తూటా దగ్గర ఆవిడ రాయడం ఆపేసింది. ఫైలు తీసింది. ఈ సంగతి మీకు ఎవరు చెప్పారు అంది. మళ్ళీ అదే చెప్పాను. పిస్తోల్లో ఎన్ని ఉన్నాయో పేపర్లో రాలేదు. పోలీసులు ఎవరికీ చెప్పలేదు. లాయర్‌గా ఆవిడకే ఆ పోలీసు రిపోర్టు వచ్చి వారమైంది. ఫైలు నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించింది. ఒకటి.

నేను ఆలోచించని కారణం లేదు. గన్ నూనె వాసన అంటారు కొందరు. ఆ వార్డులో శానిటైజర్ తప్ప ఇంకో వాసన రాదు, వచ్చినా తూటాల లెక్క తెలియదు. అతను తనలో తాను గొణుక్కున్నాడేమో అంటారు. గొణిగినా ఇంగ్లీషులో గొణుగుతాడు. సుభద్రమ్మ గారికి వచ్చిన ఇంగ్లీషు థాంక్యూ ఒక్కటే.

కోర్టులో అవతలి లాయర్ నన్ను నిలబెట్టి అడిగాడు. గుడ్డి మనిషికి ఇదంతా కనిపించిందని మీరు నమ్ముతున్నారా అని. "నమ్మడం నా పని కాదండీ. చెప్పడం నా పని. ఆ రోజు చెయ్యలేదు. నేను చెప్పి ఉంటే వాళ్ళమ్మ పోయేటప్పుడు అతను పక్కన ఉండేవాడేమో" అన్నాను. అబద్ధం చెప్పానని ఒప్పుకుంటున్నారా అన్నాడు. ఒప్పుకుంటున్నా, రాసుకోండి అన్నాను.

ఉన్నది ఒక్కటే తూటా, దానికి నా సాక్ష్యం తోడైంది, రెండో కేసు కొట్టేశారు. మొదటిది ఉంది, దానికి అతను జవాబు చెప్పుకుంటాడు. ట్రీట్‌మెంట్ తీసుకోవాలన్న షరతు మీద బెయిల్ ఇచ్చారు. నా పని పోయింది. పోనీ.

బయట వరండాలో అతను నా దగ్గరికి వచ్చాడు. అదే కోటు. థాంక్స్ అంటాడేమో, తిడతాడేమో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు. ఆ పెద్దావిడ ఇంకేమైనా అన్నారా అని అడిగాడు.

ఈసారి మింగలేదు. "అన్నారు. అది తీసేసుకుని నీకు అన్నం పెట్టమన్నారు" అన్నాను.

అతను ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. మధ్యాహ్నానికని తెచ్చుకున్న పెరుగన్నం నా బ్యాగులో ఉంది. లాయరమ్మ చూస్తున్నా సరే, డబ్బా మూత తీసి, స్పూను పెట్టి అతని చేతిలో పెట్టాను. నిమ్మకాయ ఊరగాయ ముక్క తీసెయ్యబోతే వద్దన్నాడు. నిలబడే మొత్తం తిన్నాడు.

ఆవిడకి ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలీదు. తెలిసినట్టు నటించను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి సుభద్రమ్మ గారికి ఫోన్ చేసి, తిన్నాడండీ అని చెప్పాను. ఎవరని ఆవిడ అడగలేదు.