ఢిల్లీ నుంచి ధర్మవరం: విమానంలో ఆరు గంటలు

అరవైల మొదట్లో మాట. మా ఆవిడ రుక్మిణి ధర్మవరంలోని పుట్టింటికి వెళ్ళి నాలుగు నెలలైంది. "ఢిల్లీ దూరం, నేను రాలేను" అని కార్డు రాసింది. గుమాస్తా బుర్ర కదా నాది, దూరం సంగతి లెక్కతో తేల్చేద్దామనుకున్నాను. రైల్లో అయితే మూడు పగళ్ళు. విమానం హైదరాబాదులో ఆగి బెంగుళూరు చేరడానికి ఆరు గంటలే, అక్కణ్ణుంచి ధర్మవరం రైల్లో ఒక పూట. గాలిదారిన వెయ్యి మైళ్ళ పైమాట. టిక్కెట్టుకి నెల జీతం పైగా పోయింది. పోతే పోయింది, ఢిల్లీ దగ్గరేనని ఆవిడకు రుజువు చేయొచ్చనుకున్నాను.

పొద్దున ఏడింటికి ఎక్కాను. పక్క సీటాయన పేపరు మడిచి కళ్ళు మూసుకున్నాడు. పలకరిద్దామంటే నా హిందీ నాకే నచ్చదు. కిందంతా మబ్బు. విమానంలో ఇచ్చిన పిప్పరమెంటు చప్పరిస్తూ కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, ఎవరూ లేనివాడిలా అనిపించింది. ఒంటిగంటకు దిగి, బెంగుళూరు స్టేషను దగ్గర లాడ్జిలో పడుకుని, మర్నాడు ఆరింటి ప్యాసింజరు పట్టుకున్నాను.

హిందూపురంలో చింతపండు గంపతో ఒక అవ్వ ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. "యాడ్నుంచి వస్తాండావప్పా?" అంది. ఢిల్లీ నుంచి విమానంలో వచ్చానన్నాను.

"ఇమానం పెనుకొండలో నిలబడ్తాదా?"

పెట్టెలో అందరూ నవ్వారు. "ఎన్ని దుడ్లయిందప్పా?" అని కూడా అడిగింది. అదీ చెప్పాను, మా ఆవిడ కోసం వస్తున్న సంగతీ చెప్పాను. "పెండ్లాం కోసం అంత పెడ్తివా! ఆయమ్మ రాకుంటే చెప్పు, నేనొస్తా" అంటూ జొన్నరొట్టె మీద శెనక్కాయల చట్నీ వేసి చేతిలో పెట్టింది. పెనుకొండలో గంప దించేలోపల నా పేరు, జీతం, అత్తగారి వీధి అన్నీ ఆమెకు తెలిసిపోయాయి.

మధ్యాహ్నానికి ధర్మవరం చేరాను. రుక్మిణి మగ్గం దగ్గరుంది. చెప్పులు విడవకుండానే, "ఆరే గంటలు! చూశావా ఎంత దగ్గరో?" అన్నాను.

ఆమె మగ్గం ఆపలేదు. "ఆ ఆరు గంటలూ ఎవురితో మాట్లాడితిరి?"

"ఎవరితోనూ లేదు."

"నేను ఆడ ఏడాది అట్లే ఉంటి. మీరు ఆఫీసుకు పోతాంటిరి. పాలాయనకు కూడా చేత్తోనే చూపిస్తాంటి. దూరమంటే మైళ్ళనుకుంటిరా?"

అప్పుడు చెప్పులు విడిచాను. మూడో రోజు ఒక్కణ్ణే రైల్లో తిరిగొచ్చాను.

బెంగుళూరుకు బదిలీ అడిగితే రావడానికి ఏడాదిన్నర పట్టింది. అన్నాళ్ళూ సాయంత్రం గది తాళం తీసి, నోరు విప్పకుండా వండుకు తిన్నాను. ఆమె గడిపిన ఏడాది అప్పుడు తెలిసొచ్చింది, సిగ్గేసింది. మీరు ఎవరినైనా దూరపు ఊరికి తీసుకెళ్తుంటే, విమానం టైముతో పాటు ఇంకొకటి కనుక్కోండి: మీతో వచ్చేవాళ్ళ భాష మాట్లాడే ఇల్లు ఆ చుట్టుపక్కల ఉందా అని. బదిలీ వచ్చాక నేను ఢిల్లీ గది ఖాళీ చేసి సామాను ఎక్కిస్తూ టాంగా అతనితో విసుగ్గా తెలుగులో ఏదో అన్నాను. వెనక సందులోంచి ఒకావిడ పరుగున వచ్చింది. "మీరు తెలుగోళ్ళా అన్నా?" అంది. కర్నూలు వాళ్ళట. మూడేళ్ళుగా ఆ సందులోనే ఉంటున్నారట.