నసీమున్నీసా పట్టిన మట్టం

నసీమున్నీసా సిస్టరు ఐసీయూలో కూర్చునే, మిర్చి యార్డులో తుమ్మినవాడి బీపీ చెప్పేసేది. నమ్మకపోతే వినుకొండ వెళ్లి హనుమాయమ్మను అడగండి. ఆమె ఇంకో నాలుగు కలిపి చెబుతుంది.

రెండు వేల ఒకటిలో గుంటూరులో ఓ ప్రైవేటు ఆసుపత్రికి కొత్త మానిటరు వచ్చింది. మణికట్టు నాళంలోకి సన్నగొట్టం ఎక్కిస్తే, దాని బయటి చివర స్టాండుకి కట్టిన సెన్సరు గుండె కొట్టుకున్నప్పుడల్లా బీపీ కొలిచి తెర మీద చూపిస్తుంది. పెద్ద డాక్టరు దానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టించాడు. ఆ నీళ్లు మెషీను మీద పడకుండా కాసుకున్నది నసీమున్నీసాయే.

మొదటి బేరం హనుమాయమ్మ మొగుడు బాపయ్య. మిరపచేలో కాలికి ముల్లు దిగితే సున్నం రాసి ఊరుకున్నాడు. వారం తిరిగేసరికి చీము రక్తంలోకెక్కి, స్పృహ లేకుండా వచ్చాడు. బీపీ జారిందా, మనిషి దక్కడు.

పొద్దున పదింటికి ఫోటోగ్రాఫరు దిగాడు. రోగీ మానిటరూ ఒకే ఫోటోలో పడాలని పెద్ద డాక్టరు హ్యాండిలు తిప్పించి మంచం పైకెత్తించాడు. "సిస్టర్, మీరూ నిలబడండి. కాస్త నవ్వండి!" ఆమె నవ్వింది. బాపయ్య ఒక్కడే నవ్వలేదు.

అందరూ వెళ్లాక తెర మీద నూట రెండు. డ్యూటీ డాక్టరు వీరబాబు ఆ అంకెను కొత్త పెళ్లాన్ని చూసినట్టు చూస్తున్నాడు. నసీమున్నీసా బాపయ్య పాదం పట్టుకుంది. కుండ అడుగులా చల్లగా తగిలింది. మూత్రం సంచిలో చుక్క పెరగలేదు.

"డాక్టరుగారూ, కాళ్లు చల్లబడ్డాయండి."

"నూట రెండుందిగా సిస్టర్! ఈ ఏసీకి నా కాళ్లూ అంతే."

"మీకు యూరిన్ ఆగలేదు కదండీ."

ఆమె సెలైను గొట్టం ఒకటి తెచ్చి, సగానికి పైగా నీళ్లు నింపి, ఒక కొస బాపయ్య గుండె పక్కన, రెండో కొస స్టాండుకి కట్టిన సెన్సరు దగ్గర పట్టింది. ఆమె మొగుడు సుభానీ తాపీమేస్త్రి. గోడలకి మట్టం చూసేది ఇలాంటి గొట్టంతోనే. సెన్సరు గుండెకి సరిసమానంగా ఉండాలి. జానెడున్నర కిందుంది. కిందుంటే లేని బీపీ ఉన్నట్టు కనిపిస్తుంది. పైకి జరిపి కట్టింది. నూట రెండు కాస్తా డెబ్బై ఎనిమిదైంది.

ఇక వీరబాబు పరుగు చూడాలి! సెలైను పెంచారు, బీపీ నిలిపే మందు ఎక్కించారు. మధ్యాహ్నానికి సంచిలో రెండు వేళ్ల మేర మూత్రం చేరితే హనుమాయమ్మ దానికే దణ్ణం పెట్టింది. నాలుగో రోజున బాపయ్య లేచి, "కారం లేని ఈ ఇడ్లీ ఎవడు తింటాడే!" అని అరిచాడు. బతికాడని ఆసుపత్రంతా రూఢి చేసుకుంది.

కథ వినుకొండ చేరేసరికి సిస్టరు మెషీనుని చెంపదెబ్బ కొట్టింది. దర్శిలో చుట్టాలదాకా వెళ్లేసరికి మెషీను లెంపలేసుకుంది. నెల తిరిగాక హనుమాయమ్మ సంచీడు ఎండుమిరపకాయలతో వచ్చి, వార్డు మధ్యలో నిలబడి, "అబద్ధాల మెషీనుని నిలేసిన తల్లండీ ఈమె!" అని చాటింది.

నసీమున్నీసా రాస్తున్న చార్టు పక్కన పెట్టింది.

"మెషీను అబద్ధం చెప్పలేదు హనుమాయమ్మగారూ. మంచం ఎత్తగానే సెన్సరు సరిచేయాల్సింది నేనే. ఫోటోకి నిలబడి మర్చిపోయాను. నలభై నిమిషాలు."