కాళ్ళక్క ఒప్పుకోలు

కాళ్ళక్కకు కోపం వస్తే మాట పెరగదు, తగ్గుతుంది. ఆ ఉదయం పనిగదిలో ఆమె పెదవి విప్పకుండా కంప్యూటరు ముందు కూర్చుని ఉండటం చూసి, విరిగిన పెట్టుడు కాలును సంచిలో పెట్టుకుని బెంచీ మీద ఎదురుచూస్తున్న తాళాలాయనకు ఏదో జరిగిందని అర్థమైపోయింది.

"ఏంటక్కా, నా కాలికేమైనా చెడ్డ కబురా?"

"నీ కాలికి కాదు. అందరి కాళ్ళకీ. మనం కొలతలు దాచుకున్న చోట ఖాతా మూసి తాళం వేశారు."

"తాళమా? ఎక్కడుందో చూపించు, చిటికెలో తీసిస్తా."

ఇంకో రోజైతే నవ్వేది.

ఆమె చేసేది కృత్రిమ కాళ్ళ పని. అసలు పేరు ఇంట్లోవాళ్ళే మరిచిపోయి చాలా కాలమైంది. కాపురానికొచ్చిన కొత్తలో ఆమెకు ఈ పని గురించి ఓనమాలు కూడా తెలియవు. అత్తగారి కాలికి పుండు పడి ముదిరి, తొడ సగం దాకా తీసేశారు. తరువాత ఎవరో చేసిచ్చిన కాలు ఒరుసుకుని రక్తం కారేది. "ఇది కాలు కాదే, సవతి" అని దాన్ని మూలన పడేసింది అత్తగారు. కోడలు ఆ కాలును చంకన పెట్టుకుని, చేసిన చోటికే వెళ్ళి, ఎక్కడ ఒరుసుకుంటోందో వేలితో చూపించింది. అక్కడి ముసలి మేస్త్రి ఆకురాయి ఆమె చేతికే ఇచ్చి, "నీకు కనబడుతోందిగా, నువ్వే రుద్దు" అన్నాడు. అప్పుడు పట్టిన ఆకురాయి ఇప్పటికీ వదల్లేదు. ఆమె అరచేతులు తడిమితే గరుకుగా ఉంటాయి. దువ్వుకున్న జుట్టులో కూడా ఎప్పుడూ కాస్త తెల్లటి పొడి.

మొండికాలు ఇమిడే గిన్నెలోనే ఉంటుంది కిటుకంతా. ఎముక తగిలే చోట కొంచెం ఎడం, కండ ఉన్న చోట కొంచెం బిగువు. నడిపించి, నొప్పెక్కడో అడిగి, అరగదీసి, మళ్ళీ నడిపించి, అలా నెలల తరబడి చేస్తే ఒక మనిషికి ఒక రూపం కుదురుతుంది. కుదిరిన రూపాన్ని కళ్ళలో పెట్టుకుని కాపాడుకోవాలి. గిన్నె పగిలితే ఆ రూపం మీదే కొత్తది చెయ్యాలి కాబట్టి. ఆ రూపం పోతే కథ మళ్ళీ మొదటికే, నొప్పి కూడా మొదటికే.

ఒకప్పుడు ఆ రూపాలన్నీ సున్నపు అచ్చులుగా బీరువాల నిండా ఉండేవి. యజమాని డాక్టరుగారు మొండికాలి రూపాన్ని బొమ్మగా తీసే స్కానరు కొన్నాక, "ఇక అంతా క్లౌడులో పెట్టేద్దాం. అగ్గికి కాలదు, నీటికి తడవదు" అన్నాడు. ఒక్క ఏడాది అచ్చుల్ని ఉండనివ్వండి సార్ అని ఆమె బతిమాలింది. చాదస్తమన్నాడు. పగలగొట్టించి, తన కారు నిలిపే చోట గుంతల్లో వేయించాడు. కారు వచ్చినప్పుడల్లా చక్రాల కింద కరకరమనే చప్పుడు ఆమె పనిగదిలోకి వినిపించేది.

క్లౌడు కంపెనీ ఒప్పందం తెర మీదికి వచ్చిన రోజు ఆమె చదవబోయింది. డాక్టరుగారు వెనక నిలబడి, "అది చదివేది కాదమ్మా, కిందికి జరిపేది. నొక్కు" అన్నాడు. ఎవరి పేరు పెట్టమంటారంటే, "నీదే పెట్టు. వాడేది నువ్వే కదా" అన్నాడు.

ఇప్పుడు ఆ పేరుకే వచ్చింది ఉత్తరం. మీ ఖాతాలో అసభ్యమైన శరీర దృశ్యం ఉన్నట్టు గుర్తించాం. ఇది వినియోగ షరతులకు విరుద్ధం. షరతును ఉల్లంఘించానని మీరు ఒప్పుకుని, ఆ దృశ్యాన్ని శాశ్వతంగా తొలగించడానికి సమ్మతిస్తే మిగిలినవి తిరిగి ఇస్తాం. లేకుంటే గడువు దాటాక అన్నీ చెరిపేస్తాం. ఇదీ సారాంశం. అడుగున ఆ దృశ్యం సంఖ్య ఇచ్చారు. ఆ సంఖ్య ఎవరిదో ఆమెకు చూడకుండానే తెలుసు. అత్తగారి తొడ.

ఇది కృత్రిమ కాళ్ళు చేసే చోటని, అది కొలత కోసం తీసిన బొమ్మ అని వివరంగా రాసి పంపింది. ఆమె చెయ్యి మీట మీద నుంచి తీసేలోపే జవాబు వచ్చింది, అక్షరం మారకుండా అదే ఉత్తరం. మళ్ళీ రాసింది. మళ్ళీ అదే. గోడతో మొరపెట్టుకున్నా కాస్త సున్నమైనా రాలేది.

అప్పుడు కూర్చుని ఒప్పందం చదివింది. యంత్రాలు వాళ్ళవి, వాటిలో దాచినదానికి పూచీ మనది. షరతులు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, వాళ్ళు. తలుపు ఎప్పుడైనా మూసుకోవచ్చు, అదీ వాళ్ళే. వాళ్ళ యంత్రం పొరబడితే పూచీ ఎవరిదో ఎంత వెతికినా దొరకలేదు. "ఇరుపక్షాలు" అన్న మాట మాత్రం పేజీ పేజీకీ ఉంది. ఒక పక్షం కొరడా, రెండో పక్షం వీపు.

"ఒప్పుకున్నానని నొక్కెయ్యమ్మా," అన్నాడు డాక్టరుగారు, టీ కప్పు చేత్తో పట్టుకుని. "అవసరమొస్తే వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడు."

"ఆ గాడిద మా అత్తగారి తొడను బూతు అనలేదు సార్."

"ఒక్క మాటే కదా. ఎవరు చూడొచ్చారు?"

"ఎవరూ చూడకపోతే ఖాతా మీ పేరు మీదికి మార్చి మీరే నొక్కండి."

ఆయన కప్పు కింద పెట్టాడు. "నా పేరెట్లా పెడతాం? డాక్టర్ల సంఘంలో పదవిలో ఉన్నాను. రేపెవరైనా తవ్వితే... అసభ్య దృశ్యాలంటే..."

కాళ్ళక్క ఆయన వంకే చూసింది. ఆయన పేరుకు అంటకూడని మురికి ఆమె పేరుకు అంటితే ఫరవాలేదన్నమాట. గోడకున్న తువ్వాలుతో చేతులు తుడుచుకుని, పని మధ్యలో వదిలేసి, ఎన్నడూ లేనిది, ఇంటికి వెళ్ళిపోయింది.

అత్తగారు వంటింట్లో స్టూలు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఇంట్లో ఉన్నప్పుడు కృత్రిమ కాలు విప్పి పక్కన నిలబెట్టుకుంటుంది, గొడుగులాగా.

"అత్తయ్యా, ఒక మాట చెబుతాను. కోప్పడకండి."

"కోపమొచ్చే మాట మోసుకొచ్చి కోప్పడొద్దంటే ఎలాగే? చెప్పు."

చెప్పింది.

"నా తొడ బూతా?"

"యంత్రం అలా అనుకుందట."

"మీ మామగారు బతికున్నన్నాళ్ళూ దాని గురించి ఒక్క మంచి మాట అన్న పాపాన పోలేదు. సగం పోయాక ఇప్పుడు ఈ కంపెనీవాళ్ళు మోజు పడ్డారా?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వు తగ్గాక అత్తగారు చెయ్యి చాచి, కుర్చీ మీదున్న తువ్వాలు తీసుకుని, ఒళ్ళో పరిచి, ఆ మోడును కప్పుకుంది. కోడలి ముందు ఇన్నేళ్ళలో ఏనాడూ కప్పుకోలేదు. పుండు కడిగిన చేతుల ముందు దాపరికమేమిటి అనేది. కాళ్ళక్క ఆ తువ్వాలును చూస్తూనే అంది.

"నేనొప్పుకోను. అంతా చెరిపేసుకోనీ."

"నీ రోషానికి తాళాలాయన కుంటాలా? నొక్కెయ్యి. నా ఒక్కదానిదే కదా పోయేది."

"తప్పు చేశానని రాసివ్వాలి అత్తయ్యా."

"చేశావా?"

"లేదు."

"అయితే వాడికి అబద్ధం చెబుతున్నావు. అలాంటివాడికి నిజం చెప్పి మాత్రం ఏం బావుకుంటావు?" అని మరో కాయ అందుకుంది. తువ్వాలు మాత్రం తియ్యలేదు.

మర్నాడు వెళ్ళి నొక్కింది. కాసేపటికి రూపాలన్నీ ఒకటొకటిగా తెర మీదికి తిరిగొచ్చాయి. తాళాలాయనది వచ్చింది. అత్తగారిది ఉండాల్సిన చోట ఖాళీ. కింద ఒక వాక్యం: మీ సహకారానికి కృతజ్ఞతలు, ఇటువంటి అసభ్య దృశ్యం మరోసారి కనిపిస్తే ఖాతా శాశ్వతంగా రద్దవుతుంది. ఆమె పళ్ళు కొరుక్కుంటూ, ఉన్నవన్నీ డిస్కులోకి దించే పనిలో పడింది.

డాక్టరుగారు చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. "చూశావా, తేలిపోయింది. ఇక మీదట ఎవరినైనా సరే పలుచటి దుప్పటి కప్పి కొలువు. యంత్రానికి అనుమానం రాదు."

"దుప్పటి కప్పి కొలిస్తే దుప్పటికి సరిపోయే కాలొస్తుంది సార్. మనిషికి రాదు."

"ఒక మిల్లీమీటరు అటూ ఇటూ..."

"ఆ మిల్లీమీటరులోనే రక్తం కారేది." ఆమె లేచి నిలబడింది. "మీరన్నట్టే ఒప్పుకున్నాను. నా పేరు మీద బూతు రాయించుకున్నాను. మా అత్తగారు నా ముందే కాలు కప్పుకున్నారు. ఇక చాలు. బట్ట లేకుండానే కొలుస్తాను. కొలిచింది ఈ డిస్కులోనే ఉంటుంది, ఆ క్లౌడులోకి ఒక్కటీ పోదు. కుదరదంటే ఇప్పుడే చెప్పండి, వెళ్ళిపోతాను."

ఆయన ఏదో అనబోయాడు. అప్పుడే గుడ్డ తెర పక్కన కుర్చీలోంచి సన్నటి గొంతు వినిపించింది. మొదటిసారి కొలతకు వచ్చిన అమ్మాయి, రెండు చంకకర్రలు ఒళ్ళో పెట్టుకుని ఎప్పటినుంచి కూర్చుందో.

"అక్కా, అది బూతవుతుందా? అయితే నేను... మళ్ళీ వస్తాలే."

కాళ్ళక్క డాక్టరుగారి వైపు తిరిగింది. "బయటికి వెళ్ళండి సార్. లోపల మనిషుంది."

ఆయన వెళ్ళాక తలుపు వేసింది. ఆ విసురుకు బీరువా అద్దాలు గలగలలాడాయి. స్టూలు లాక్కుని అమ్మాయి ఎదురుగా కూర్చుంది.

"చూపించు తల్లీ. నొప్పి ఎక్కడ?"