సిగ్గెందుకు బిడ్డా

మా మేనత్త పోయింది. కాల్హేర్‌ల నేను పనిచేసే గోదాం ఆఫీసుకు మా బావ ఫోన్ చేసి "అమ్మ పోయింది, రా" అన్నడు. అంతే చెప్పి పెట్టేసిండు. బయట వానల లారీకి మాల్ ఎక్కుతున్నది. రిక్షా పట్టుకొని టెంఘర్‌ల అత్తింటికి చేరేసరికి అత్తను చాప మీద పండవెట్టిండ్రు. పొద్దుగాల చాయ్ తాగి నూలు కండెలు చుట్టనీకె కూసున్న మనిషి కూసున్నట్టే ఒరిగిందట. గుండె ఆగిందన్నరు.

చూడొచ్చినోల్లల్ల మా కులసంఘం పెద్దమనిషి గూడ ఉన్నడు. అత్త కాళ్ల దగ్గర జరసేపు నిలవడి, "మంచి మనిషే. నోరే జర పెద్దది" అన్నడు. చుట్టున్న మొగోల్లు తలకాయలూపిండ్రు. పీనుగ ముంగట కొట్లాట వద్దని అప్పుడు ఊకున్న. ఇప్పుడు మీకు చెప్తున్న. ఆ పెద్ద నోరు లేకుంటే మా గల్లీల చానామంది ఆడోల్లకు అసలు నోరే లేకపోవు. ఆ నోటి గురించే ఈ నాలుగు మాటలు.

మా వాళ్లు కరీంనగర్ దిక్కు నుంచి బట్టనేసే సాంచాల పనికని భివండి వచ్చినోల్లు. అత్త మా నాయినకు అక్క. మామ సాంచాలు నడిపేది, అత్త ఇంట్ల కూసొని కండెలు చుట్టేది. వాళ్ల ఖోలీ, మా ఖోలీ ఒకే చాల్‌ల వరుసిండ్లల్ల పక్కపక్కనే. మా గల్లీల కలర్ టీవీ ముందుగాల వచ్చింది అత్తింట్లనే. సాయంత్రమైతే రెండిండ్లోల్లం, పక్కోల్లం అందరం ఆ టీవీ ముంగట్నే.

ఆ రోజుల్ల టీవీ చూసినోల్లకు నేను చెప్పేది తెలుస్తది. వానల తడిసిన చీరతోని హీరోయిన్ ఎగురుతుంటె పెద్దలు, పిల్లలు అందరు చూసేది. మా నాయిన మోకాలి మీద తాళం గూడ ఏసేది. పాట అయిపోయి నిరోధ్ ప్రకటన రాంగనే ఇల్లంత ఆగమైతుండె. మా అమ్మ లేచి కొంగు సర్దుకున్నట్టు చేసుకుంట టీవీకి అడ్డం నిలవడేది. నాయిన "నీళ్లు తేపోండ్రి" అని మమ్ముల లోపలికి తోలేది.

ఒకనాడు అత్తకు నవ్వాగలే. "పాట అయ్యేదాక ఎవ్వలకు దూప గాలే. గిప్పుడే అందరికి ఒక్కసారి దూపైందా తమ్మీ?" అన్నది. నాయిన మొఖం నల్లగైంది. అత్త మా దిక్కు తిరిగి, "కూసోండ్రి. పెండ్లయినోల్లకు బీమారి రాకుండ, పిల్లలు వద్దనుకుంటె పుట్టకుండ వాడేటిది అది. గంతే. దయ్యం గాదు" అన్నది. గంతే అని చెప్పంగనే నిజంగనే గంతే అయింది. నేను, అక్క మళ్ల సీరియల్ల పడ్డం.

నాకు ముట్టయిన కొత్తల ఆమెనే అడిగిన. "అత్తా, టీవీల ప్యాడ్ మీద నీలం నీళ్లెందుకు పోస్తరు?" అని. కండె తిప్పుకుంటనే చెప్పింది. "మన రక్తం ఎర్రగ ఉంటదని ఆల్లకూ ఎరికనే బిడ్డా. చూపెట్టనీకె సిగ్గు. ఆల్ల సిగ్గు ఆల్లనే మోయనీ, నీకెందుకు?"

ఆమె గిట్ల మాట్లాడనీకె ఒక కారణం ఉన్నది. అక్కకు, నాకు బుద్ధి తెలిసినంక ఆమెనే చెప్పింది. అత్తకు పెండ్లి జర ఆలస్యంగ, ఇరవై దాటినంక అయింది. అయినా పెండ్లంటె ఏందో ఎవ్వలూ చెప్పలే. "పెద్దగైన పిల్ల, గంత తెల్వదా" అని మా నాయనమ్మ, "తల్లి చెప్పే ఉంటది" అని ఆమె అత్తగారు, ఇద్దరూ ఊకున్నరు. మామకూ ఎవ్వలూ చెప్పలే. ఆయనకు తెలిసింది సినిమా హాల్ల దోస్తులు చెప్పుకున్నంతే. అత్త బెదిరి, తెల్లారంగనే తల్లిగారింటికి ఉరికొచ్చింది. ఇంట్ల అందరు నవ్విండ్రు. ఆ నవ్వుడు ఆమె మర్వలే.

"మొదటి రోజు నేను బెదిరినందుకు నాకు కోపం లేదు. మీ మామ గూడ బెదిరే ఉండె, పాపం" అని అన్నది మాతోని. "నవ్విండ్రు సూడు, దానికి కోపం. తెల్వకపోవుడు సిగ్గు గాదు. తెల్వనీయకపోవుడు సిగ్గు."

అప్పట్నుంచి మా గల్లీల ఏ పిల్లకు లగ్గం కుదిరినా, పసుపు పెట్టకముందే అత్త ఆ పిల్లను ఇంటికి పిలిపిచ్చుకొని తలుపు దగ్గరికేసేది. లోపల ఏం చెప్పేదో మాకు తర్వాత తెలిసింది. శరీరంల ఏడేముంటదో చెప్పేది. బీమారి ఎట్ల వస్తదో, ఎట్ల రాదో చెప్పేది. ఆఖరికి రెండు మాటలు అందరికీ చెప్పేది. "వద్దనిపిస్తె వద్దను. మొగడైనా సరే. ఇష్టమైతె సిగ్గుపడకు, ఆ సంతోషం నీది గూడ." ఈ రెండో మాట విని కొందరు తల్లులు చెవులు మూసుకున్నరు. తల్లులు మూసుకున్నరు గాని పిల్లలు మూసుకోలే.

ఇగ గోడ సంగతి చెప్పాలె. మేము నీళ్లు పట్టుకునే నల్లాకు ఎదురుంగ ఒక పొడుగు గోడ ఉండె. రేకుల షెడ్డు వెనుక నడిచే వీడియో హాల్ పోస్టర్లన్ని దాని మీదనే. సగం బట్టలున్న ఆడోల్లు, వాళ్ల మీదికి వంగిన మొగోల్లు. బిందె పట్టుకొని నిలవడితె కండ్లు యాడ పెట్టాలెనో తెలిసేది గాదు. ఏండ్లకేండ్లు ఆ పోస్టర్ల మీద ఎవ్వలూ ఒక్క మాటనలే. ఆ హాల్లకు పోయేది మా గల్లీ మొగోల్లేనని అందరికెరికనే.

ఒకసారి సర్కారు దవఖాన నర్సులు వచ్చి అదే గోడ మీద ఎయిడ్స్ గురించి ఒక పోస్టర్ అతికిచ్చి పోయిండ్రు. మొగడు పెండ్లాం నిండుగ బట్టలేసుకొని మంచం మీద కూసున్న బొమ్మ, పక్కన నిరోధ్ ప్యాకెట్టు, కింద హిందీల, మరాఠీల నాలుగు మాటలు. పొద్దుగూకేసరికి దాన్ని గీకి పారేసిండ్రు. పక్కన వీడియో హాల్ పోస్టరు ఎట్లున్నది అట్లనే ఉన్నది.

అత్త దవఖానకు పోయి ఇంకొకటి తెచ్చింది. మైదాపిండితోని గంజి కాసి, పట్టపగలు, నల్లా కాడ ఆడోల్లందరు చూస్తుండంగ అతికిచ్చింది. మర్నాడు అదీ లేదు. మళ్ల తెచ్చింది. మా అమ్మ "వదినే, ఊకో. ఇంట్ల ఆడపిల్లలున్నరు" అన్నది. "ఉన్నరు గాబట్టే" అన్నది అత్త. గంజి గిన్నె కడగవట్టింది.

సంఘం నుంచి మామకు పిలుపొచ్చింది. సాంచాలు బందుండే శుక్రవారం నాడు పెద్దలు కూసున్నరు. ఆడోల్లు పోయే జాగ గాదది. అత్త పోయింది. ముందట ఆమె, వెనుక మామ. నేను, అక్క కిటికీ కాడ నిలవడి విన్నం.

"ఏందమ్మా గిది? ఆడబిడ్డలు నీళ్లు పట్టే కాడ గసోంటి బొమ్మ పెడ్తవా?" అన్నడు పెద్దమనిషి.

"దాని పక్క బొమ్మ చూసినవా పెద్దయ్యా?"

"అది సినిమాది."

"సినిమాదైతె బట్టలు లేకున్నా నడుస్తదా? గీల్లు నిండ బట్టలేసుకున్నరు, మొగడు పెండ్లాలు. గీల్ల మీదనే ఎందుకు కోపమొచ్చింది?"

అత్తనే మళ్ల అన్నది. "మన గల్లీల ఇద్దరు మొగోల్లు ఎండి ఎండి సచ్చిరి. టీబీ అని చెప్పుకున్నం. ఆల్ల పెండ్లాలు గిప్పుడు అదే దవఖాన లైన్ల నిలవడ్తున్నరు. ఇల్లు దాటని ఆడోల్లకు ఆ రోగం ఏడికెల్లి వచ్చింది? మీకందరికి ఎరికనే. గా బొమ్మ ముందుగాలనే గోడకుంటె ఒక్కరన్న బతుకుతుండె గదా."

"నోరు మూసుకో" అన్నరు ఎవరో వెనుక నుంచి.

"మూసుకుంటె బతుకుతరంటె గిప్పుడే మూసుకుంట."

పెద్దమనిషి మామను చూసి "నీ ఇంటిదాన్ని నువ్వే అదుపుల పెట్టుకోవాలె" అన్నడు. మామ మాటలు తక్కువ మనిషి. సాంచాల సప్పుడుల ఉండి ఉండి జర చెవులు గూడ మందం. ఆయన లేచి, "మా ఇంటిది తప్పేం మాట్లాడలే" అని, చెప్పులేసుకొని బయటికొచ్చిండు.

దాని తర్వాత చాన్నాళ్లు అత్తను బొట్టు పెట్టి పిల్చినోల్లు లేరు. ఆ ఏడు బతుకమ్మ నాడు ఆమె బతుకమ్మకు నడుమ జాగియ్యలే. అత్త పక్కకు జరిగి తన బతుకమ్మను ఒక్కదాన్నే నేల మీద పెట్టుకున్నది. జరసేపటికి ఆ దవఖాన లైన్ల నిలవడే ఇద్దరాడోల్లు వచ్చి వాళ్ల బతుకమ్మలు పక్కన పెట్టిండ్రు. ముగ్గురే చప్పట్లు కొట్టుకుంట తిరిగిండ్రు. అక్క నా చెయ్యి పట్టుకొని గుంజింది. మేమూ పోయి కలిసినం. అమ్మ దూరం నుంచి చూసింది గాని ఆపలే.

అసలు తుఫాను అక్క పెండ్లికాడ లేచింది. నిజాంపురాల సాంచాలున్న ఇంటి సంబంధం వచ్చింది. పిల్లగాడు సక్కగుండె, కట్నం అడిగింది తక్కువ. నాయిన కాలు నేల మీద ఆగుతలే. ముచ్చట ఖాయం చేసే రోజు తాంబూలాలు ముంగట పెట్టినంక అత్త నిమ్మళంగ అన్నది. "ఒక్క మాట. పిల్లగాని రక్తం పరీక్ష చేయిద్దాం. మా పిల్లకూ చేయిస్తం. ఇద్దరిది ఒక్కటే తీరు."

పిల్లగాని తండ్రి లేచి నిలవడ్డడు. "మా పిల్లగాన్ని గసోంటోడనుకున్నవా?"

"అనుకోలే అన్నా. అడుగుతున్న."

చాయ్ గూడ తాగకుండ ఎల్లిపోయిండ్రు. నాయిన అత్త మీదికి లేచిండు. "నా బిడ్డ పెండ్లి చెడగొట్టినవ్ అక్కా."

"చెడగొట్టలే తమ్మీ. అడిగిన. పారిపోయింది ఆల్లు."

లోపల్నుంచి అక్క బయటికొచ్చి, "నాయినా, అత్త అడగకుంటె నేనే అడుగుదును" అన్నది. నాయిన ఆనాటి నుంచి అక్కతోని మాట్లాడిండు గాని, తన అక్కతోని మాట్లాడలే. గోడవతల అత్త, గోడివతల నాయిన. ఒకల దగ్గు ఒకలకు వినబడేది. రెండు వానకాలాలు గట్లనే పోయినయి.

ఆ మొదటి పిల్లగానికి ఏ బీమారి లేదు కావొచ్చు. ఇప్పటికీ బాగున్నడని విన్న. అత్తకు చెప్తె, "బాగుంటె సంతోషం. అడుగుడు తప్పయితదా?" అన్నది. ఆమె తీరు అది. తాను గెలిచిందని నిరూపించే పని ఎప్పుడూ పెట్టుకోలే.

అక్కకు తర్వాత కుదిరింది ఫ్యాన్లు, మోటర్లు బాగుచేసే దుకాణపాయనతోని. పరీక్ష మాట ఎత్తంగనే ఆయన నవ్వి, "నేనూ అదే అడుగుదామనుకున్న, మీరు కోపం చేస్తరని బుగులైంది" అన్నడు. ఇద్దరూ కలిసి దవఖానకు పోయి ఒకే లైన్ల నిలవడ్డరు. అక్క లగ్గంల, పందిట్ల వెనుక కూసున్న అత్త దగ్గరికి నాయిన పోయి, "అక్కా, ముందుకు రా. నువ్వు లేకుంటె ఎట్ల" అన్నడు. ఆ మాట తప్ప మాఫీ గీఫీ ఏం అడగలే. అత్త గూడ అడిగిచ్చుకోలే. లేచి ముందుకొచ్చి కూసున్నది.

ఇప్పుడు ఇంటింటికి కేబులొచ్చింది, చేతుల్లకు సెల్‌ఫోన్లొచ్చినయి. వీడియో హాల్ మూతపడ్డది, దాంట్ల ఉన్నదంత జేబులకొచ్చింది. అన్ని చూపెడ్తున్నరు. చెప్పేటోల్లు మాత్రం అంతే తక్కువున్నరు. మొన్న మా ఆఫీసుల ఒకాయన "ఈ కాలం పిల్లలకు అన్నీ తెలుసు" అన్నడు. చూసుడు వేరు, తెలుసుడు వేరని నేను గట్టిగనే అన్న. నోరు పెద్దదైతున్నదని అన్నడు. సంతోషమైంది.

అత్త పోయిన మూడో రోజు పిట్టకు ముద్ద పెట్టనీకె అందరం తయారైనం. అత్తకిష్టమైనయన్ని అమ్మ వండింది. నాయిన పళ్లెం పట్టుకొని గడప దిగిండు. అప్పుడే పక్క గల్లీ నుంచి బుర్ఖా వేసుకున్న ఒకామె తన చెల్లెను వెంటవెట్టుకొని వచ్చింది. చెల్లెకు వారంల నిఖా ఉన్నదట. అత్త పోయిన సంగతి వాళ్లకు తెల్వదు.

"మౌసీ హై క్యా?" అని అత్త కోసం అడిగింది.

నేను చెప్పబోయిన. నాకంటె ముందు మా అమ్మ కదిలింది. ప్రకటన రాంగనే టీవీకి అడ్డం నిలవడ్డ మా అమ్మ. చేతులు కొంగుకు తుడుచుకొని, ఆమెకొచ్చిన తుక్డా తుక్డా హిందీల, "మౌసీ నహీ రహీ బేటీ" అన్నది. ఆ పెండ్లిపిల్ల ఏడుపు మొఖం పెట్టి ఎనుకకు తిరగబోయింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకున్నది. "తు ఆ. అందర్ ఆ. మై బోల్తీ."

నేను చెప్తనని ఇద్దరిని లోపలికి తీస్కపోయి తలుపు దగ్గరికేసింది.

సన్నగ వాన పడుతున్నది. బయట మేమందరం నిలవడ్డం. లోపల్నుంచి అమ్మ గొంతు ఆగి ఆగి వినబడ్డది. ఒక మాట, తర్వాత ఏం లేదు, మళ్లొక మాట. ఆ పిల్ల ఏదో అడిగింది. తర్వాత ముగ్గురూ నవ్విండ్రు.

"పొద్దు పోతున్నది, పిలువరాదు" అన్నరు ఎవరో. నాయిన తలుపు దిక్కు చూసిండు, కొట్టలే. భుజం మీది తువ్వాల తీసి పళ్లెం మీద కప్పి, చూరు కింద గోడకు ఒరిగి నిలవడ్డడు.