గున్నయ్య గోడలు, దేముడమ్మ పొయ్యి

తప్పు దేముడమ్మదే. ఆ మాట ముందే అనేసుకుంటే ఓ పనైపోతుంది. టౌను ఆఫీసు పన్ను బాబు ఇళ్ళ కొలతలకి వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే టేపు పరిచి, రాసుకుని పోయేవాడు. కానీ సంత రోజు, అందులోనూ మిట్టమధ్యాహ్నం వచ్చాడు. ఆకలి మొహం చూస్తే దేముడమ్మ ఊరుకుంటుందా? ఆకు వేసి కూర్చోబెట్టింది. పనసపొట్టు కూర మారు వడ్డించుకుని, "హోటలు బాగా నడుస్తోందే!" అన్నాడాయన. అక్కడ నవ్వి ఊరుకుంటే ఏం పోయేది?

"నడవకేటి బాబూ! మా ఇంట్లో సోటు కోసం సాలూరు సావుకార్లు ముందుగా కబురెడతారు. సంతనాడు కాలెట్టడానికి జాగా ఉండదు" అంది, నడుం మీద చెయ్యేసుకుని.

ఆయన చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, అదంతా పొల్లు పోకుండా రాసుకున్నాడు.

నెల తిరిగేసరికి నోటీసు వచ్చింది. ఇన్నేళ్ళూ మట్టిగోడల పూటకూళ్ళ ఇల్లుగా ఉన్నది కాస్తా కాగితం మీద పెద్ద హోటలైపోయింది. పన్ను ఒకేసారి మూడింతలు దాటింది. కట్టకపోతే ఇల్లు వేలం. దేముడమ్మకి పన్ను కంటే వేలం మాటే గుచ్చుకుంది, ఎందుకంటే అది గున్నయ్య కట్టిన ఇల్లు.

గున్నయ్య ఆమె మొగుడు. టెక్కలి పక్క పల్లె నుంచి పందొమ్మిది వందల ముప్పై ఆరులో ఆమెను ఈ పనసగుడకి కాపురానికి తెచ్చుకున్నాడు. ఈ కొండలన్నీ ఒరిస్సాలో కలిసింది కూడా ఆ ఏడే. "నాను బండెక్కినప్పుడు మద్రాసు, దిగేసరికి ఒరిస్సా" అని ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. రాయగడ వెళ్ళే రైళ్ళు ఆగే ఆ చిన్న స్టేషనుకి ఎదురుగా గున్నయ్య తన చేతుల్తోనే పక్కపక్కన రెండిళ్ళు కట్టాడు. ఒకటి తనకి, ఒకటి తమ్ముడు జగ్గారావుకి. అవే మట్టిగోడలు, అవే గుగ్గిలం దూలాలు, అదే నాటు పెంకు. మనిషి పొట్టి. తన తల తగలకపోతే చాలనుకుని గుమ్మాలు పెట్టాడు. వచ్చిన ప్రతి పొడుగాటివాడి నుదురూ ఠప్పున కొట్టుకునేది. "వొంగి రావాల, లచ్మీదేవి ఉన్న ఇల్లు" అని సమర్థించుకునేవాడు మహానుభావుడు.

"ఈ ఇల్లే మనకి కూడెడతాది సూడు" అని కూడా అనేవాడు. అన్నట్టే అయింది. చింతపండుకీ, పసుపుకీ, వలిసె గింజలకీ సంతకొచ్చే షావుకార్లు దేముడమ్మ ఇంట తిని, ఆమె పరిచిన చాప మీద పడుకుని వెళ్ళేవారు. చూసి చూసి జగ్గారావూ పక్కింట్లో పూటకూళ్ళు మొదలెట్టాడు. ఏడాది తిరక్కుండానే మూసేసి ఊరెళ్ళిపోయాడు. ఆ ఇంటికి మళ్ళీ అద్దెకి దిగినవాడు లేడు. అరుగు మీద మేకలు పడుకుంటున్నాయి. గున్నయ్య జ్వరంతో పోయి ఏడేళ్ళయింది. అప్పటి నుంచీ ప్రతి పొద్దునా దేముడమ్మ గడప తాకి కళ్ళకద్దుకుని, "నువ్వెడతన్నావు మావా, నాను తింతన్నాను" అనుకుని గాని పొయ్యి ముట్టించదు. అలాంటి ఇల్లు వేలమా?

నోటీసు పట్టుకుని లక్ష్మీనరసింహం పంతులు దగ్గరికి పరుగెత్తింది. ఆయన జమీందారు ఎస్టేటు కచేరీలో గుమాస్తాగా పనిచేసి, ఎస్టేట్లు పోయాక అర్జీలు రాస్తూ బతుకుతున్నవాడు. రాయడం మొదలెడితే కలం ఆగదు. అర్జీ పూర్తి చేసి కళ్ళజోడు సవరించుకుని చదివాడు. "కప్పు జల్లెడవలె కారును. గోడలు ఒరిగి కూలుటకు సిద్ధముగా నున్నవి. నల్లుల బాధకు తాళలేక బాటసారులు పారిపోవుచున్నారు..."

"ఆగండి పంతులుగారూ! నా ఇంట నల్లులా? ఎవడి కళ్ళతో సూసేరు?"

"నోరు మూసుకోవే దేముడమ్మా. ఇల్లు ఎంత అధ్వాన్నంగా ఉంటే పన్ను అంత తగ్గుతుంది. పాడిల్లని రాస్తేనే ఇల్లు దక్కుతుంది."

"పోయినోడు కట్టిన ఇంటిని పాడిల్లని నా సేత అనిపిస్తారేటి?"

"అనకపోతే వేలంలో ఇంకొకడు అంటాడు."

దేముడమ్మ ముక్కు చీదుకుని వేలిముద్ర వేసింది. నల్లుల మాట మాత్రం కొట్టించేదాకా అక్కడి నుంచి కదల్లేదు. పంతులు కొట్టేసినట్టే కొట్టేసి, ఆమె వెనక్కి తిరగ్గానే మళ్ళీ రాసుకున్నాడు. పాతకాలపు గుమాస్తా మరి!

అర్జీ విచారించే పెద్దాఫీసరు, అక్కడివాళ్ళు హాకిం బాబు అనేవాడు, స్వయంగా ఇల్లు చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. పంతులు ముందురోజే వచ్చి పదిసార్లు చెప్పాడు. "బూజు దులపకు. గోడ ముట్టుకోకు. నీకు దణ్ణం పెడతాను."

"ముట్టుకోను పంతులుగారూ, ఒట్టు" అంది.

ఒట్టు గట్టు మీద పెట్టింది. అవునుగానీ, ఇంటికి పెద్దమనిషి వస్తుంటే బూజుతో ఎదురెళ్ళే ఆడది ఆ వీధిలో ఉందా? తెల్లారకుండానే గోడలకి సున్నం పట్టించింది. అరుగు అలికింది. ముగ్గేసింది. పగిలిన పెంకులు అంతకు రెండ్రోజుల ముందే మార్పించేసింది. రుబ్బుడు పనికొచ్చే అప్పమ్మని కేకేసి కందా బచ్చలీ కోయించింది, ఉలవచారు పొయ్యెక్కించింది. పంతులు వచ్చి గుమ్మంలో నిలబడి తల పట్టుకున్నాడు.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! కొంప ముంచావు కదుటే!"

"వొచ్చినోడు ఏటనుకుంటాడండి?" అందావిడ, నిజంగానే అర్థం కాక.

హాకిం బాబు ఆరడుగుల మనిషి. గుమ్మంలో ఠప్పుమని నుదురు కొట్టుకున్నాడు. పర్లాకిమిడిలో చదువుకున్నవాడు కావడంతో తెలుగు చక్కగా వచ్చు. పన్ను బాబు పక్కన నిలబడ్డాడు. హాకిం నుదురు రుద్దుకుంటూ అర్జీ తీశాడు.

"కప్పు ఎక్కడ కారుతుందమ్మా?"

"కారదు బాబూ. మొన్నే పెంకు మార్పించేను."

పంతులు దగ్గాడు.

"నల్లులున్నాయని రాశారు?"

"ఏటీ!" దేముడమ్మ పంతులు వైపు ఒక్క చూపు చూసింది. "నా ఇంట ఒక్క నల్లి సూపించండి బాబూ, ఇల్లు మీకే రాసిచ్చెత్తాను."

"చూశారా సార్! పెద్ద హోటలే" అన్నాడు పన్ను బాబు. పంతులు మొహం కందగడ్డయింది. దేముడమ్మ మాత్రం ఆకులు వేసేసింది. గెలుపోటములు తరవాత, వేళకి భోజనం పడాలి.

హాకిం ఉలవచారు గ్లాసులో పోయించుకుని మరీ తాగాడు. తిన్నాక తాంబూలం వేసుకుని అలా పక్కకి నడిచాడు. మేకల్ని అదిలించి పక్కింటి గుమ్మంలోకి అడుగుపెట్టాడో లేదో, ఠప్! అదే నుదురు, అదే చోట.

"ఈ రెండిళ్ళూ ఒకడే కట్టాడా?" అని లోపలి నుంచే అరిచాడు.

"మా ఆయనే బాబూ! ఒకే కొలత!"

హాకిం ఆ గదులు చూశాడు, గోడలు తట్టాడు, దూలాలు లెక్కపెట్టాడు. తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని, "ఇంటి పన్ను వేసేది ఇంటికొచ్చే అద్దెని బట్టే కదా. ఆ పక్కింటికి అద్దె ఎవరిస్తారు?" అని పన్ను బాబుని అడిగాడు. ఆయన పుస్తకం తిరగేశాడు. అచ్చం ఇలాంటి ఇల్లు ఇన్నేళ్ళుగా ఖాళీగా ఎందుకుందో ఆయన పుస్తకంలో లేదు మరి.

హాకిం దేముడమ్మ వైపు తిరిగాడు. గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మా, ఒక్క మాట నిజం చెప్పు. రేపు నువ్వు పొయ్యి ఆర్పేసి ఎటైనా వెళ్ళిపోతే, ఈ ఇంటికెవరైనా వస్తారా?"

ప్రశ్న ఎటు పోతోందో దేముడమ్మకి తెలిసింది. రారంటే ఇల్లు నిలుస్తుంది. కానీ రారంటే, ఈ ఇల్లే కూడెడతాదన్న గున్నయ్య మాట అబద్ధమవుతుంది. ఏడేళ్ళుగా కళ్ళకద్దుకున్న గడప ఉత్త చెక్కముక్క అవుతుంది. పక్కింటి అరుగు వైపు చూసింది. మేకలు మళ్ళీ ఎక్కేశాయి. అవే గోడలు, ఆ చేతులు కట్టినవే. ఏడుపు తన్నుకొచ్చింది.

"ఎవరూ రారు బాబూ" అంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

పది రోజులకి హుకుం వచ్చింది. పంతులు అరుగు మీద నిలబడి వీధంతా వినేలా తెలుగులో చదివాడు. "ఈ ఇంటి గోడల విలువ పక్కింటి గోడల విలువే. ఇక్కడికి జనం వచ్చేది గోడల కోసం కాదు, ఈమె కోసం. ఇంటి పన్ను ఇంటికే గాని ఇల్లాలికి కాదు. పాత పన్నే ఖాయం."

వీధిలో వాళ్ళు చప్పట్లు కొట్టారు. అప్పమ్మ బెల్లం ముక్కలు పంచింది. పంతులు తన అర్జీయే గెలిపించిందని నలుగురికీ చెప్పుకున్నాడు, చెప్పుకోనీ పాపం.

మర్నాడు పొద్దున్నే దేముడమ్మ గడప దగ్గరికి వచ్చింది. వంగింది. అలవాటైన మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. లేచి నిలబడి, అందరి నుదుళ్ళూ కొట్టుకుని నున్నబడిన గుమ్మం పై కమ్మీని అరచేత్తో నిమిరింది.

"ఇన్నాళ్ళూ నువ్వే కూడెడతన్నావనుకున్నాను మావా. నానేనంట. హాకిం రాసిచ్చేడు" అంది. అలా అన్నందుకు సిగ్గూ వేసింది, నవ్వూ వచ్చింది. "పోన్లే. కూడు నానెడతాను. నువ్వు పడిపోకండా నిలబడు, సాలు."

రైలు కూత వినబడింది. లోపలికెళ్ళి పొయ్యి ముట్టించింది.