మా ఆయన అనే కప్ప

“ఏమండీ, గురక. పక్కకి తిరగండి.”

“నేనింకా నిద్రే పోలేదే!”

మేమిద్దరం ఆఖరుగా మాట్లాడుకున్న మాటలు ఇవే. తెల్లారి లేపితే ఆయన లేవలేదు. నిద్రపోని మనిషి గురక ఎలా పెట్టాడో, అసలు నేను విన్న గురక ఎవరిదో ఈ రోజుకీ నాకు తెలియదు. (ఇది కూడా రాయి తల్లీ, వదిలెయ్యకు. రాస్తున్నది మా చెల్లెలి కూతురు, ఇక్కడే ఎమ్మెస్ చదువుతోంది. నాకు సంతకం వరకే వచ్చు.)

ఆ రోజుల్లో నేను ఇప్పటిలా లేను. ఇప్పుడంటే ఫోన్‌లో అందరినీ దబాయిస్తున్నాను గానీ, అప్పుడు ఎవరైనా ఇంగ్లీషులో పలకరిస్తే చాలు, “సారీ” అని తప్పుకునేదాన్ని. మా ఆయన అమెరికాలో, ఈ మోరిస్‌విల్ ఊళ్లోనే ఒక ఇండియన్ హోటల్లో దోసెల మాస్టరు. ఆయన వెనకే వచ్చాను, ఆయన పోయాక ఊరికి వెళ్లే ధైర్యం లేక ఇక్కడే ఉండిపోయాను. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో నా మొదటి ఉద్యోగం మొదలైంది. మా కాలనీలోనే సాఫ్ట్‌వేర్ వాళ్ల ఇళ్లలో కూర, చారు వండిపెట్టడం. పని ముగించుకుని సందెవేళ నడిచి వచ్చేదాన్ని. (ఇక్కడ నడిచే మనిషిని చూస్తే కారు ఆపి మరీ “ఆర్ యూ ఓకే?” అని అడుగుతారు. దానికీ “సారీ” అనే చెప్పాను చాలాకాలం.) దారి టౌన్‌హోమ్‌ల వెనక ఉన్న వాననీళ్ల గుంట పక్కనుంచి. చుట్టూ రెల్లు, అవతల పైన్ చెట్లు, ఒక్క దీపం ఉండదు.

చలి ఇంకా పోని రోజులు. వాన అప్పుడే వెలిసింది, నీళ్లమీద పొగమంచు పరుచుకుని ఉంది. చేతిలో గిన్నెల సంచీతో వస్తుంటే గుంటలోంచి గురక వినబడింది. ఒడ్డునుంచి కూడా కాదు, నీళ్ల అడుగునుంచి. బొంగురుగా ఒక లాగు లాగి, టక్కున ఆగి, నా ఊపిరి కూడా ఆగాక, మళ్లీ లాగడం. పదిహేడేళ్లు పక్కన పడుకుని విన్న గురక నేను పోల్చుకోలేనా? పారిపోవలసిందాన్ని, అలవాటుకొద్దీ “ఏమండీ, పక్కకి తిరగండి” అన్నాను.

గురక ఆగిపోయింది!

బతికుండగా ఒక్కనాడైనా అంత చెప్పినమాట విన్న మనిషి కాదు. ఆ నిశ్శబ్దానికి భయపడి సంచీ అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాను. మర్నాడు మళ్లీ అదే గురక, మళ్లీ నా మాటకి ఆగడం. మూడోనాటికి భయం తగ్గి దిగులు పట్టుకుంది. ఈయన చలినీళ్లల్లో ఎందుకు పడుకున్నట్టు? ఏం తక్కువైంది? విస్తరి దొరక్క పేపర్‌ప్లేట్‌లో పెరుగన్నం, ఆవకాయ ముక్క పెట్టి ఒడ్డున ఉంచాను. తెల్లారి చూస్తే అన్నం లేదు, ఆవకాయ మాత్రం అలాగే ఉంది. (మా ఆయన ఆవకాయ వదిలిపెట్టడమా! నాకు అప్పుడే అనుమానం రావలసింది.)

పక్కింట్లో ఒక వరంగల్ ఆవిడ ఉండేది. సాయంత్రం కాగానే చీర మీద జాకెట్ వేసి గుంట చుట్టూ తిరిగేది కనక వాకింగ్ వదిన అనేదాన్ని. ఒకరోజు ఆవిడే రొప్పుతూ వచ్చింది.

“అక్కా, గా నీళ్లల్ల ఎవలో పండుకున్నరు! గురక పెడుతున్నరు!”

“భయపడకు వదినా. మా ఆయనే.”

వదిన నోరు తెరిచి నన్ను చూసింది. మర్నాటినుంచి ఆవిడ వాకింగ్ గ్రోసరీ షాపు పార్కింగ్‌లోకి మారింది.

ఇంతలో కాలనీ కమిటీవాళ్లు ఆ గుంట పూడ్చేసి లాన్ వేస్తామన్నారు. దోమలట. అందులో కప్పలున్నాయని గమ్‌బూట్ల అమ్మ అడ్డుపడింది. ఆమె ఇక్కడి తెల్ల ముసలామె, ఎండయినా వానయినా కాళ్లకి మోకాళ్లదాకా రబ్బరు గమ్‌బూట్లే. చివరికి కమిటీ ఒక మాటకి ఒప్పుకుంది. కాలనీ జనమే మూడు సాయంత్రాలు కూర్చుని వినాలి. కప్పలు గుంపుగా చేరి గుడ్లు పెట్టే చోటని తేలితే గుంట ఉంటుంది, ఒకటీ అరా అయితే పూడ్చేస్తారు. పేర్లిచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్లందరికీ సరిగ్గా ఆ వేళకే మీటింగులు వచ్చాయి. గమ్‌బూట్ల అమ్మ చెవులకి మిషన్లు, అవతలి ఒడ్డు మోత ఆమెకి అందదు. రోజూ ఆ దారిన నడిచేదాన్ని నేనే కాబట్టి నన్ను పట్టుకుంది.

మొదటి సాయంత్రం గురక వినబడగానే వేలు చూపించాను. ఆమె కాగితం తీసి, “వాట్ డూ యూ కాల్ హిమ్?” అంది. ఎవరని అడుగుతోంది అనుకున్నాను. మొగుడి పేరు నోటితో పలకడం మా ఇళ్లలో లేదు.

“మా ఆయన” అన్నాను.

“మాయానా! బ్యూటిఫుల్!” అని రాసేసుకుంది. ఇండియాలో ఆ కప్పకి అదే పేరనుకుంది కాబోలు. ఫోన్‌లో బొమ్మ చూపించింది. ఒంటినిండా నలుచదరం మచ్చలు, అచ్చం మా ఆయన గళ్ల లుంగీ. (“పెద్దమ్మా, లుంగీ అని రాయాలా?” అంటోంది. రాయి.) చూశావా, ఈ రూపంలో వచ్చారా అనుకున్నాను.

మూడో సాయంత్రం లెక్క చెప్పాలి. ఇంగ్లీషు చెప్పడానికి వాకింగ్ వదిన వచ్చింది, నా శాలువా కొంగు వదలకుండా. గాలి లేదు. ముందు ఒక గురక లేచింది, నేనెరిగిన గురక. కాసేపటికి ఎడమవైపు రెల్లులోంచి ఇంకొకటి. నీళ్ల కిందనుంచి మూడోది. వరసగా నాలుగు, అయిదు, ఏడు. గుంట మొత్తం ఒక పెద్ద గదిలా, అందులో మనుషులంతా పడుకున్నట్టు. వదిన నా శాలువా పట్టి లాగింది.

“చెప్పక్కా, ఒక్కటేనా? బావ ఒక్కడే గదా?”

ఒక్కటే అంటే రేపు లారీలొచ్చి ఆయన మీద మట్టి పోస్తాయి. చాలా అంటే, ఆ గుంటలో ఆయన లేరని నా నోటితో నేనే ఒప్పుకోవాలి. మూడు వారాలుగా రోజూ మాట వినే మొగుణ్ణి వదులుకోవాలి. ఏడుగురు మా ఆయనలు ఉండరుగా!

“చాలా ఉన్నాయి వదినా” అన్నాను.

“ఉన్నయా? ఉన్నరా?”

“ఉన్నాయి. కప్పలే.”

“మెనీ! మెనీ!” అని వదిన కేకపెట్టింది. ఆ కేకకి ఏడు గురకలూ ఒక్కసారి ఆగిపోయాయి. గమ్‌బూట్ల అమ్మ నన్ను కౌగిలించుకుంది. నేను ఏడుస్తుంటే సంతోషమనుకుని ఆమె కూడా ఏడ్చింది.

గుంట మిగిలింది. ఒడ్డున ఒక చెక్క బోర్డు పెట్టి, అక్కడుండే జీవాల పేర్లన్నీ రాయించారు, వాటిలో మాయానా కూడా ఉందట. వాన వెలవగానే పిల్లలు తలుపు కొడతారు. “ఆంటీ, ఆంటీ! మాయానా ఈజ్ స్నోరింగ్!” ఆ మాటకి అర్థం ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, సిగ్గేసి. పేపర్‌ప్లేట్ పట్టుకుని మంచులో నిలబడ్డ ఆ పిచ్చిదాన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. దగ్గరికెళ్లి, శాలువా సరిచేసి, పద ఇంటికి పోదాం అనాలనీ ఉంటుంది.

ఇక చాలు. నవ్వు ఆపి, నేను చెప్పింది చెప్పినట్టు ఒకసారి చదివి వినిపించు తల్లీ. మెల్లిగా.