పేరు చెప్పకుండా చెప్పిన పాఠం

కొత్తగా నల్లకోటు తొడుక్కున్న రోజుల్లో నాకు తెలియనిది ఒకటుంటుందన్న సంగతే నాకు తెలియదు. చిత్తూరు కోర్టులో ఒక పెద్ద లాయరు దగ్గర జూనియర్‌ని. ఏది అడిగినా ముందు ‘నిదానం’ అనేవారు కాబట్టి ఆయన్ని అందరూ నిదానం సార్ అనేవారు. వారంలో రెండు రోజులు మాత్రం తిరుపతి బస్సెక్కి ఒక లా కాలేజీలో పాఠం చెప్పేవాణ్ణి. నాకిచ్చిన సబ్జెక్టు వృత్తి నీతి. నా పాండిత్యం చూసి ఇచ్చారనుకునేరు, మిగతా లెక్చరర్లంతా మంచి మంచి సబ్జెక్టులు ఏరుకోగా అడుగున మిగిలింది అదొక్కటే. అయినా నేను పొంగిపోయాను. లాయరు ఎలా నడుచుకోవాలో యాభై మందికి నేర్పే బాధ్యత, పట్టుమని రెండేళ్ళు కోర్టు మెట్లెక్కని నామీద పడింది మరి.

ఆ రోజు పాఠం, కక్షిదారు చెప్పిన రహస్యం కాపాడటం గురించి. పుస్తకంలో ఉన్నది చదివితే వెనక బెంచీలు ఆవులిస్తున్నాయి. సరే, అసలు కేసు ఒకటి చెబుదామనిపించింది. “పేరు మాత్రం చెప్పను, అదే కదా మన నీతి” అని సుద్దముక్క గాల్లో ఊపి మొదలుపెట్టాను. పలమనేరు వైపు ఒక పెద్దాయన. టమాటా వేస్తాడు, పాలు పోస్తాడు. తమ్ముడితో బోరు నీళ్ళ తగాదా. రెండేళ్ళుగా మాటల్లేవు. క్లాసు కొంచెం కదిలేసరికి నాకు హుషారెక్కింది. ఆయన నాలుగు ఆవుల్లో ఒకదానికి కొమ్ము విరిగిందనీ, దాన్ని విరగ్గొట్టింది తమ్ముడి ట్రాక్టరేననీ, తగాదా అక్కడే ముదిరిందనీ చెప్పాను. (కొమ్ముతో వృత్తి నీతికి ఏం సంబంధమని అడక్కండి. కథ రక్తి కట్టాలి కదా.) చివరికి గొంతు తగ్గించి అసలు మాట బయటపెట్టాను. “కోర్టులో బోరంతా నాదే అంటున్నాడు. మా ఆఫీసులో కూర్చుని ఏమన్నాడో తెలుసా? వాడొక్కసారి ఇంటికొచ్చి అన్నా అని పిలిస్తే సగం నీళ్ళు వదిలేస్తానన్నాడు. ఈ మాట తమ్ముడి చెవిన పడితే కేసు ఏమవుతుంది? అందుకే ప్రాణం పోయినా లాయరు నోరు విప్పకూడదు!” వెనక బెంచీల్లో ఆవులింతలు ఆగిపోయాయి. నా వాగ్ధాటికే అనుకున్నాను. మూడో బెంచీలో ఎప్పుడూ తల ఎత్తకుండా రాసుకునే అమ్మాయి పెన్ను మూసేసి నా వైపే చూస్తోంది.

గంట కొట్టాక ఆ అమ్మాయి టేబుల్ దగ్గరికొచ్చింది. “సార్, ఆ కొమ్మిరిగిన ఆవు మా పెద్దనాయనోళ్ళది. ఆ ట్రాక్టరు మాది” అంది.

హాజరు పట్టీలో ఆ అమ్మాయి ఇంటిపేరు చూశాను, పెద్దాయనదే.

“శనివారం ఊరికి పోతా ఉండా సార్. పెద్దనాయన అన్న మాట మా నాయనకు సెప్పల్నా, వద్దా? మీరే సెప్పండి” అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడుగుతోందనుకున్నాను. చెప్పవద్దంటే నా ఉద్యోగం కాపాడుకోవడానికి ఆ పిల్ల నోరు నొక్కినట్టవుతుంది. చెప్పమంటే మా కక్షిదారుని నేనే ముంచినట్టవుతుంది. నేర్పించేవాణ్ణి కదా, గొంతు సవరించుకుని, “ఈ చాప్టరు ఇంకా పూర్తి కాలేదమ్మా, శుక్రవారం చూద్దాం” అన్నాను. సిలబస్ చాటున దాక్కున్న మొదటి లెక్చరర్ని బహుశా నేనే.

చిత్తూరు బస్సులో దారి పొడుగునా లెక్కలేసుకున్నాను. నేను చెప్పకపోతే నిదానం సార్‌కి ఎలా తెలుస్తుంది? ఆ పిల్ల చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఈ ఆలోచన చాలా హాయిగా ఉంది, దారిలో పూతలపట్టు ఊరు వచ్చేదాకా అలాగే ఉంది. ఆ తర్వాత ఆ పిల్ల మూసేసిన పెన్ను గుర్తొచ్చింది. ఆఫీసుకి పోయి అంతా చెప్పేశాను.

నిదానం సార్ కళ్ళద్దాలు తీశారు. “పేరు సెప్పినావా?”

“లేదు సార్.”

“ఆవు కొమ్ము?”

“చెప్పినాను సార్.”

“మన జిల్లాలో పేరెందుకప్పా, కొమ్ము సాలు కదా” అన్నారు. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, “రేపు పొద్దున్నే నువ్వే పోయి ఆయనకు సెప్పుకో. ఆయన ఫైలు వెనక్కి అడిగితే ఇచ్చేద్దాం” అన్నారు. ఆ ఒక్కసారీ నిదానం అనలేదు.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి పెద్దాయన పాలు పితుకుతున్నాడు. “రా సామీ, వాయిదా మారిందా ఏమి?” అన్నాడు. బస్సులో అల్లుకున్న క్షమాపణంతా మరిచిపోయి, ఉన్నదున్నట్టు కక్కేశాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. చెంబు కింద పెట్టి అడిగాడు. “ఎంతమంది ఇన్నారు?”

“యాభై మంది.”

“మా తమ్ముని కూతురూ ఇన్నాదా?”

తల ఊపాను.

“రెండేండ్లుగా ఆ మాట గొంతులోనే పెట్టుకోనుండా నాయనా. సెప్పాల్సొస్తే నా నోటితో నేను సెప్పాల్సిన మాట. నీకెందుకు సెప్పినా అంటే, నువ్వు ఎవురికీ సెప్పవని.”

అంత సిగ్గు నేను ఇంకెప్పుడూ పడలేదు. రహస్యం బయటపడితే కేసు పాడవుతుందని క్లాసులో చెప్పాను కానీ, మనిషి ఇలా చిన్నబోతాడని నాకే తెలియదు. ఆయన రెండు మాటలు చెప్పాడు. తమ్ముడి కూతురితో, ఇంట్లో ఏమీ చెప్పవద్దని చెప్పమన్నాడు. కేసు సార్ దగ్గరే ఉండనీ, నా కాగితాలు మాత్రం నువ్వు ముట్టొద్దన్నాడు. అయినా నేను బయల్దేరేటప్పుడు ఒక గ్లాసు పాలు చేతికిచ్చాడు. తాగి, గ్లాసు కడిగిపెట్టి వచ్చాను.

శుక్రవారం ఆ అమ్మాయికి ఆయన మాట చేరవేశాను. “నేను సెప్పేదాన్ని కాదులే సార్. మీరేం సెప్తారో సూద్దామని అడిగినా” అంది. ఆ ఏడు వృత్తి నీతి పరీక్షలో ఆ పిల్లకు నేను వేసిన మార్కులు ఎన్నైనా, తను నాకు వేసినవి నాకు తెలుసు.

నాలుగు వాయిదాల తర్వాత అన్నదమ్ములిద్దరూ ఒకే ఆటోలో కోర్టుకొచ్చి రాజీ కాగితం పెట్టారు. ఎవరు ఎవరింటికి పోయారో, ఏమని పిలిచారో నాకు తెలియదు. కాగితాలు నేను ముట్టకూడదు కదా, వరండాలో నిలబడి చూశానంతే.

ఇప్పటికీ అదే పాఠం చెబుతున్నాను, జుట్టు మాత్రం పలచబడింది. ఈ సంగతి పిల్లలకు చెప్పాలనిపించి, ఈసారి ముందుగానే పోయి పెద్దాయన్ని అడిగాను. చాలాసేపు నవ్వాడు. “సెప్పుకో. మా ఊరు మార్సు, పంట మార్సు, నన్నూ మార్సు. నువ్వు సేసింది మాత్రం మార్సొద్దు” అన్నాడు.

ఊరు, పంట, మనిషి, అన్నీ మార్చాను. సుద్దముక్క ఊపుతూ నీతి చెప్పిన ఆ కుర్రవాణ్ణి మాత్రం ఉన్నవాణ్ణి ఉన్నట్టు మీ ముందు నిలబెట్టాను. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది, ఆ వెంటనే చెవులు వేడెక్కుతాయి.